జాబితాలో చెప్పని సూపు

జార్జ్‌టౌన్, పెనాంగ్
మార్చి 9

చిరంజీవి కీట్ హువాట్‌కు అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. నీ కూతురు స్వీ ఇమ్ కూడా క్షేమమే. పోయిన ఉత్తరంలో ఆ మాట తొందరపడి రాశాను, ఈసారి చూసి రాస్తున్నాను.

ఆపరేషన్ గురువారం అయింది. నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. కోసేది మనిషా, యంత్రమా అని అడిగావు. డాక్టరమ్మ ఒక మూల కూర్చుని వేళ్లు కదిపితే, బల్ల దగ్గర యంత్రం చేతులు కదులుతాయట. గర్భసంచి లోపలి పొర గోడలోకి చొచ్చుకుపోయి గట్టిపడిన చోటు మటుకు తీసేసి, మిగిలినది పొరలు పొరలుగా కుట్టారు. సంచి మొత్తం తీసేస్తే పీడ వదిలేది కదా అన్నావు. నేనూ అదే అన్నాను. "నొప్పీ పోతుంది నానమ్మా, బిడ్డ ఆశా పోతుంది. నాకింకా ముప్పై మూడే" అంది. ఎవరి మాట సరో నాకిప్పటికీ తేలలేదు.

మొదటిసారి యంత్రం చెడిపోయి ఆపరేషన్ వాయిదా పడిందని రాశాను. యంత్రం చెడలేదు.

వాడే మందులన్నీ చెప్పమని నర్సు ముందే అడిగింది. పిల్ల కంటే ముందు నేనే "ఏమీ లేవు" అన్నాను. ముట్టు రోజులు అయిపోయిన ప్రతిసారీ, చీనా మూలికల కొట్టులో కొన్న దాంగ్గుయ్ వేరు వేసి కాచే కోడి సూపు గుర్తే రాలేదు. మా అమ్మ నాకు కాచింది, నేను నీ చెల్లికి కాచాను. అది తిండి, మందనుకోలేదు. ఆసుపత్రిలో చేరిన రోజు ఫ్లాస్కు మూత తీయగానే నర్సు వాసన పట్టింది.

"ఏంటి బామ్మగారూ ఇది?"

"కోడి సూపు. బలానికి."

"మా ఇంట్లోనూ కాస్తారు, నా దగ్గర దాచకండి. ఆ వేరు రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. ఎన్నాళ్లుగా తాగుతోంది?"

"పదమూడో ఏటి నుంచి" అని, పిల్ల ముట్టు రోజులూ సూపు కాచిన తేదీలూ రాసుకున్న పుస్తకం చూపించాను.

స్వీ ఇమ్ నవ్వింది. "బడిలో అందరి తప్పులూ దిద్దావు నానమ్మా. నీ తప్పు మాత్రం గుండ్రటి అక్షరాలతో రాసి దాచుకున్నావు."

వేరు ప్రభావం పోయేదాకా ఆగాలని ఆపరేషన్ నెల వాయిదా వేశారు. ఆ నెల పిల్ల మళ్లీ ముట్టయి, ఎనిమిది రోజులు నేలమీద ముడుచుకుని పడుకుంది. ఆ ఎనిమిది రోజులూ నా పేరున ఉన్నాయి.

పుస్తకం తిరగేస్తే, ఇరవై ఏళ్లలో నాలుగు రోజుల ముట్టు ఎనిమిది రోజులైంది. సూపు వల్లనేనా అని అడిగాను. జబ్బు దానివల్ల రాలేదంది డాక్టరమ్మ. రక్తం ఎక్కువ పోయింది దానివల్లనా అంటే, "చెప్పలేనమ్మా" అంది.

ఏడాది ఆగాకే బిడ్డ కోసం చూడాలట. నొప్పులు వస్తే కుట్లు తట్టుకోకపోవచ్చు కనుక కాన్పు ఆపరేషనేనట. పిల్లకు సంతోషం, నాకు భయం. బిడ్డ కావాలని మొక్కాలో, వద్దని మొక్కాలో తెలియక, గుడిలో క్వాన్ యిన్ అమ్మవారి ముందు అగరొత్తులు వెలిగించి ఊరికే నిలబడి వచ్చాను.

రేపు ఇంటికి వస్తుంది. "సూపు కాచు నానమ్మా, వేరు లేకుండా" అంది. కోడి తెచ్చాను. అల్లం వేద్దామనుకుంటున్నాను. అల్లం తిండేనని నాకు తెలుసు. అయినా వేసేముందు నర్సును అడుగుతాను.

ఇట్లు,
నీకు అబద్ధం రాసిన అమ్మ,
బీ లాన్