జిలేబీ కనబడింది, బావా

బావా, నువ్వు పోయి ఇయాల్టికి ఏడాది. మల్కాపురంలో అక్క నీ ఫోటోకి దండ ఏసుంటాది. నాను సముద్రంలో రిగ్గు మీదే ఉండిపోనాను.

నీ మైక్రోస్కోపు కాడ ఇప్పుడో కొత్తమ్మాయి కూకుంటంది. పొద్దున బోరులోంచి వచ్చిన రాతిపొడి కడిగి సూసి, అందులో దొరికిన గవ్వకి ఏదో నోరు తిరగని పేరు సెప్పి డ్రిల్లింగ్ ఆపమంది. కంటికి ఆనని ఆ పాతకాలం గవ్వ కనబడితే, కిందన రిగ్గుని పేల్చీసే గ్యాసు పొంచి ఉన్నట్టే అనీవోడివి నువ్వు.

“జిలేబీయేనా అమ్మా?” అనడిగాను.

ఆ పిల్ల తెల్లబోయి, మళ్లీ లోనికి సూసి నవ్వింది. “అవునండి, అచ్చం జిలేబీలాగే ఉంది.”

ఎంటనే ఆపేశాను. అందరం బాగున్నాం.

కానీ “ఆపరా, జిలేబీ వచ్చీసింది!” అని రిగ్గంతా అదిరిపోయేలా అరిసీవోడు లేడు. ఒక్కసారి ఆ కేకెయ్యి బావా.