ఆనకట్ట కింద అంటించిన ఇంగ్లీషు

రాజమహేంద్రవరం,
దుర్ముఖి సంవత్సరం, ఆషాఢ మాసం.

ఆనకట్ట కింది రేవులో చేపల వాళ్లకు పెద్దదిక్కైన రత్తమ్మకు, అర్జీల వీరబ్రహ్మం ఆశీర్వదించి వ్రాయునది.

సకల జనులకూ, విశేషించి బుట్టలు మోసే జనులకూ ఇందుమూలముగా ప్రకటించడమేమనగా: ఇంగ్లీషు దేశంలో ఏ మాటా ఒంటరిగా పనికి పోదు. వెంట తోక ఉండాలి. ఇది తెలియకే లోకంలో సగం అర్జీలు చిత్తుకాగితాల్లో కలుస్తున్నవి.

నవ్వకు. "లుక్" అంటే చూడు. దానికి "ఫర్" తగిలిస్తే వెతుకు. "ఆఫ్టర్" తగిలిస్తే సాకు. "డౌన్ ఆన్" అని రెండు తోకలు తగిలిస్తే చిన్నచూపు చూడు. "అప్ టు" తగిలిస్తే చేతులు కట్టుకుని గౌరవించు. కన్ను ఒకటే, తోక మారితే చూపు మారుతుంది. చూడు అన్నది వెర్బు. తోక పేరు ప్రిపొజిషను.

ఇక నీ సంగతి. ఆనకట్ట కింద రాతి స్తంభానికి ఎవరో ఇంగ్లీషు కాగితం అంటించారనీ, అప్పటినుంచీ ఆనకట్ట కాపలా లస్కరు మీ వలలు నీళ్లలో పడనివ్వడం లేదనీ, వరద ఎర్రనీళ్లకు ఎదురీది వచ్చే పులసలే మీ ఏడాది తిండి అనీ చెప్పి వెళ్లావు. నిషేధం తీసేయమని ఇంజనీరు దొరకు అర్జీ రాశాను. అందులో "వి లుక్ అప్ టు యువర్ ఆనర్" అని పెట్టాను. మనసులో "డౌన్ ఆన్" ఉన్న చోట కాగితం మీద "అప్ టు" పెట్టడమే నా వృత్తి. జవాబు వచ్చేదాకా ఓపిక పట్టు.

ఇట్లు,
వీరబ్రహ్మం.

తా.క. "పుట్" అంటే పెట్టు, "అప్" అంటే పైన, "విత్" అంటే తోటి. మూడూ కలిస్తే ఓర్చుకో అని అర్థం. దొరలకు ఓర్పు అలవాటు లేదు. అందుకే ఆ ఒక్క మాట మోయడానికి ముగ్గురు కూలీలు కావలసివచ్చింది.


రేవు నుంచి,
ఆషాఢ బహుళం.

అర్జీల పంతులుగారికి రత్తమ్మ దండాలు.

మిషన్ బళ్లో నేర్చిన అక్షరాలండి, వంకరగా ఉంటే మన్నించండి. తోకల సంగతి చదివి వినిపిస్తే మావాళ్లు ఆశ్చర్యపోలేదు. మన చూపుకూ తోకలున్నాయి కదండీ. చూసుకో అంటే కాపాడు. చూసి పో అంటే పలకరించి పో. చూద్దాం అంటే చూడను. మీ దొరగారు ఈ మూడో తోక తగిలిస్తాడేమోనని నా భయం.

కాగితంలో ఏముందో చదివించారా అని ఆ రోజు మీరు అడిగారు. చదివించలేదండి. పైన చేప బొమ్మ, దాని మీద అడ్డగీత, కింద ఇంగ్లీషు. ఇంక చదివేదేముంది? వేట బందు అని లస్కరు చెప్పాడు. నీకెవరు చెప్పారయ్యా అంటే, "కాగితం అంటించి ఉంది కదే" అన్నాడు. వాడికీ చదువు రాదు.

ఎర్రనీళ్లు వచ్చేశాయి. త్వరగా చూడండి, తోక లేకుండా.

ఇట్లు,
రత్తమ్మ.

తా.క. ముగ్గురు కూలీల మాట మా కోడలు బేబికి నేర్పాను. దానికి వెంటనే వచ్చేసింది. నాతో కాపురం చేస్తోంది కదండీ.


రాజమహేంద్రవరం,
శ్రావణ మాసం.

రత్తమ్మకు వీరబ్రహ్మం వ్రాయునది.

దొర అర్జీ తిప్పి పంపాడు. మీరు "లుక్ అప్ టు" అన్నారు సరే, ఎలా చేశారో చెప్పలేదన్నాడు. ఎలా అన్నది చెప్పే మాటను ఆడ్వెర్బు అంటారు. అది లేని వెర్బు దొర కంటికి తలపాగా లేని బంట్రోతులా కనిపిస్తుంది. "హంబ్లీ" అని పెట్టాను. అణకువగా అని. "వి హంబ్లీ లుక్ అప్ టు యువర్ ఆనర్." ఆడ్వెర్బు, వెర్బు, వెనక రెండు తోకలు. పెళ్లి ఊరేగింపులా లేదూ?

అణకువ కాగితం మీద ఉంటే చాలదు, మనుషుల్లోనూ కనిపించాలి. మీవాళ్లకు అభ్యాసం చేయించు.

ఇట్లు,
వీరబ్రహ్మం.

తా.క. చదువు వచ్చిన వాళ్లెవరినీ ఆ స్తంభం దగ్గరికి తీసుకుపోవద్దు. ముందుగా మనవి చేసుకోకుండా చదివితే సర్కారు ఆర్డరుకు కోపం వస్తుంది.


రేవు నుంచి,
శ్రావణ మాసం, వరద మీద.

పంతులుగారికి రత్తమ్మ దండాలు.

ఆడ్వెర్బు అర్థమైందండి. బుట్టలో చేప మీద మేం చల్లే నీళ్ల లాంటిది. తూకం పెరగదు, మెరుస్తుంది.

ఆర్డరుకు కోపం వస్తుందని మీరు రాసినప్పటినుంచి ఆడవాళ్లం ఊరుకోలేదు. స్తంభానికి పసుపు రాశాం. కాగితానికి బొట్టు పెట్టి, పెద్దింట్లమ్మకు చెప్పుకున్నట్టే చెప్పుకుని చలిమిడి పెట్టాం. చల్లబడుతుందేమోనని. నైవేద్యం లస్కరు తింటున్నాడు. ఇప్పుడు వాడికి ఆర్డరు మీద భక్తి ఇంకా పెరిగింది.

అభ్యాసం కూడా చేయించాను. మా మరిది భీమరాజు గట్టు మీద చేతులు కట్టుకుని పైకి చూస్తూ "హంబ్లీ, హంబ్లీ" అంటుంటే, తనకే దండం పెడుతున్నాడనుకున్నాడు లస్కరు. అప్పటినుంచి పొద్దున్నే వచ్చి నిలబడుతున్నాడు, హంబ్లీ పెట్టమని. పెట్టకపోతే తిడుతున్నాడు.

నవ్వులాట అయిపోయిందండి. పులసలు మా కళ్ల ముందే ఆనకట్టను కొట్టుకుంటున్నాయి. ఇళ్లలో గంజి కూడా పలచబడింది. నిన్న భీమరాజు తన వల కోసి తాళ్లు పేనుకున్నాడు. ఇటుకల పడవ లాగే కూలికి పోతాడట. వల కోసుకున్న మనిషి మళ్లీ నీటికి రాడు, అది మీకు తెలియదు.

దొరగారు ఆనకట్ట చూడ్డానికి వస్తున్నారట. నేనే వెళ్లి మీరు నేర్పిన వాక్యం చెప్తాను.

ఇట్లు,
రత్తమ్మ.


రాజమహేంద్రవరం.

రత్తమ్మకు అత్యవసరంగా వ్రాయునది.

వెళ్లవద్దు. దొరకు చలిజ్వరం. ఆయనకు చేపల వాసన పడదు. నోటితో అన్న ఆడ్వెర్బు చెల్లదు, దానికి స్టాంపు అంటించాలి. ఇంకొక్క వారం ఆగు. నేనేదో చేస్తున్నాను.

వీరబ్రహ్మం.

తా.క. వెళ్లవద్దు అన్నదానికి తోకలేమీ లేవు. ఉత్తి వెర్బే.


రేవు నుంచి,
శ్రావణ బహుళం.

పంతులుగారికి రత్తమ్మ దండాలు.

మీ ఉత్తరం అందేసరికే వెళ్లి వచ్చానండి. దొరగారికి జ్వరమేమీ లేదు, గొడుగు కింద ఎర్రగా ఉన్నారు. వాక్యం చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. ఆయన తన వంటవాడు చిట్టియ్య వైపు చూశాడు. చిట్టియ్యతో తెలుగులో చెబితే వాడు ఆయనకు చెప్పాడు. మీరు ఇన్నాళ్లూ నేర్పిందంతా వాడు ఉల్లిపాయలు తరిగినంత సేపట్లో తేల్చేశాడు.

నా పేరు మీద ఏ అర్జీ రాలేదన్నారు దొరగారు. ఏ ఆర్డరు అని అడిగారు. స్తంభం చూపించాం. పసుపు తుడిచి చదివారు. చదువుతూ నవ్వారు. చిట్టియ్య మా వైపు తిరిగి, "ఈ ఆర్డరు నాది కాదంటున్నారు. సర్కారు ఇలాంటిదేదీ వెయ్యలేదంట" అన్నాడు.

మావాళ్లు అప్పటికే పడవల వైపు పరిగెత్తారు. భీమరాజు అక్కడే నిలబడి ఏడ్చాడు, వల లేదు కదండీ.

ఈలోగా దొరగారు కాగితం రెండోసారి చదివారు. ఆనకట్టను కొట్టుకుంటున్న చేపల వైపు చూశారు. ఏదో అన్నారు. చిట్టియ్య నేల చూస్తూ మాకు చెప్పాడు.

"ఆర్డరు తనది కాదు గానీ, బాగుందంటున్నారమ్మా. గుడ్ల మీదున్న చేపను పట్టకూడదంట. తనకెప్పుడో తట్టాల్సిందంట."

కలం తెప్పించుకుని, ఆ స్తంభం మీదే పెట్టి సంతకం చేశారు.

అంతేనండి. నిన్నటిదాకా లేని ఆర్డరు కోసం ఆకలితో ఉన్నాం. ఇవాళ్టినుంచి ఉన్నదాని కోసం.

ఇట్లు,
రత్తమ్మ.

తా.క. ఇంత చక్కని ఇంగ్లీషు రాసినవాడెవడో కనుక్కోమన్నారు దొరగారు. ఆఫీసులో గుమాస్తా పని ఇస్తారట. మీకు తెలిసినవాడేమైనా ఉన్నాడా? ఉంటే వాడి చిరునామా ముందు నాకు పంపండి.


రాజమహేంద్రవరం,
భాద్రపద మాసం.

రత్తమ్మకు వీరబ్రహ్మం వ్రాయునది.

వాడు దొరికాడు. నడివయసు మనిషి. మూడు ఫారాలు చదివి ఆపేశాడు, నాలుక మాత్రం ఆపలేదు. ఆషాఢం మొదట్లో ఒక రోజు ఆనకట్ట చూడ్డానికి వచ్చి, చేపల బుట్ట దగ్గర బేరమాడాడు. బుట్టావిడ వాణ్ణి ఎగాదిగా చూసి, "ఈ మొహానికి పులస ఎందుకు బాబూ, సముద్రంలో పట్టిన చవక విలస చాలు" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నీకు గుర్తుండదు. రోజుకు పదిమందిని అంటావు.

వాడు సత్రానికి పోయి చేప బొమ్మ గీసి, కింద రాశాడు: "ఫిషింగ్ ఈజ్ హియర్‌బై స్ట్రిక్ట్లీ డన్ అవే విత్." డన్ అంటే చేసిన, అవే అంటే దూరం, విత్ అంటే తోటి. విడివిడిగా ఉంటే చీమకు కూడా హాని చేయని మాటలు. కలిస్తే రద్దు. ముందు "స్ట్రిక్ట్లీ" అని ఒక ఆడ్వెర్బు చల్లాడు, మెరవాలని.

మీరు చదివించుకోవడానికి తన దగ్గరికే వస్తారనీ, చదివి వినిపించి, నలుగురిలో నవ్వి చింపేయవచ్చుననీ వాడి ఎత్తు. మీరు చదివించుకోనే లేదు. చదవకుండానే లోబడ్డారు. అర్జీ రాయమని వచ్చారు. లేని ఆర్డరు మీద అర్జీ ఎవరికి ఇస్తాడు? ఒక మధ్యాహ్నం చింపేద్దామని వెళ్లాడు కూడా. లస్కరు చెయ్యి పట్టుకుని, సర్కారు కాగితం ముట్టుకుంటే జైలే అన్నాడు. వాడు నమ్మాడు, రత్తమ్మా. తాను రాసిన కాగితానికి తానే భయపడి తిరిగి వచ్చాడు.

దొర దగ్గరికి వెళ్లి, అది ఎగతాళికి రాసింది, సంతకం తీసేయండి అని చెప్పబోయాడు. హెడ్ గుమాస్తా గుమ్మంలోనే ఆపి, "సంతకం పడ్డాక ఎవరు రాశారన్నది లెక్కలోకి రాదు. నువ్వేనా రాసింది? అయితే లోపలికి రా" అన్నాడు.

లోపలికి వెళ్లాడు. కుర్చీ బాగుంది. మొదటి పనిగా ఆ ఆర్డరుకే నకళ్లు తీయమన్నారు, మిగతా రేవులన్నిటికీ అంటించడానికి. తీస్తున్నాను.

నీకు మళ్లీ అర్జీ కావాలంటే పంపు. ఈసారి తప్పకుండా చేరుతుంది, అందుకునేవాణ్ణి నేనే. "హంబ్లీ" మరిచిపోకు, ఇక్కడ అది లేకుండా తీసుకోరు.

ఇట్లు,
గుమాస్తా వీరబ్రహ్మం.

తా.క. నీ రేవుకు రావలసిన నకలు ఇందులోనే పెట్టాను. చదివించుకునేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకో. కింద ఉన్న దొర సంతకం నిజం. పైన ఉన్న ఆర్డరంతా నేను కల్పించినదే.