నీ రక్తం మీద వేసిన నంబరు

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, నీ కుట్టుమిషనూ, నీ కోపమూ క్షేమమని తలుస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. వేళకే తింటున్నాను. "దోమల్ని మేపడం కూడా ఒక ఉద్యోగమేనటే?" అన్నావు. ఉద్యోగమేనమ్మా! పొద్దున్నే మా ల్యాబులో గిన్నెలో వెచ్చటి రక్తం పోసి, పైన పల్చటి పొర కట్టి వాటికి పెడతాను. కుట్టేవన్నీ ఆడదోమలే. "అక్కడా ఆడవాళ్ళ మీదే పడ్డారూ!" అంటావని తెలుసు. రెండు తలుపులు దాటి వెళ్తే ఆ గదంతా ఉక్క. అందులో నిలబడితే, జ్వరంతో కాగిపోతున్న తమ్ముడి పక్కన మనం కూర్చున్న గది గుర్తొస్తుంది. వాడు పోయి ఇరవై రెండేళ్ళయినా వాడి మీద బెంగ తీరలేదు. నీ మీద బెంగ సరేసరి.

నా నోట్లో నువ్వుగింజ నానదని తిట్టేదానివి. ఈ ఒక్క మాట మాత్రం నాలుగు నెలలు దాచాను.

కిందటిసారి నేను ఇంటికొచ్చినప్పుడు షుగరు పరీక్షకని నీ రక్తం తీశాను కదా, అది అబద్ధం. మా పరిశోధన తమ్ముడికొచ్చిన ఆ దోమల జ్వరం గురించే. కొందరికి వైరస్ ఒంట్లో చేరినా ఏమీ కాదు. పుట్టుకతోనే లోపల కాపలా ఉంటుంది. దానికి కారణమనుకుంటున్న జన్యువు ఒకటి దొరికింది. ఆ ఏడు ఇంటిల్లిపాదీ మంచమెక్కినా నీకూ నాకూ ఒళ్ళు వెచ్చబడలేదు. అందుకే నీ రక్తం మీద నంబరు వేసి, ఎవరిదో చెప్పకుండా మిగతావాటిలో కలిపేశాను.

ఈ పరిశోధన నడిపే మా మేడమ్‌కి దొరికిపోయాను. మనిషి ఒప్పుకోనిదే చుక్క రక్తం తీయకూడదిక్కడ. "అమ్మే కదా అని అడగలేదా? అమ్మయితే మాత్రం ఆవిడ ఒళ్ళు ఆవిడది కాదా?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. నెలపాటు పరీక్షల గదికి రావద్దన్నారు. నీకు నిజం రాయమన్నారు. నువ్వు వద్దంటే ఆ రక్తమూ, ఫలితమూ తీసేస్తారు. తిట్టమ్మా, పడతాను. కానీ ఏదో ఒక జవాబు రాయి. నీ చేతిరాత చూడకుండా ఉండలేను.

ఫలితం మాత్రం అప్పటికే చూసేశాను. "నన్ను ముట్టని జ్వరం వాణ్ణెలా ఎత్తుకుపోయిందే? నా గట్టితనం పిసరంతైనా వాడికివ్వలేకపోయాను" అని నువ్విప్పటికీ ఏడుస్తావు. ఆ కాపలా కుదరాలంటే జన్యువు రెండు పాళ్ళూ ఉండాలి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక్కటే అయితే చాలదు. వాడికి రెండోది అందలేదని నాన్నను ఏమీ అనకు, ఏ బిడ్డకు ఏది వెళ్తుందో ఆయన చేతిలో లేదు. నీలో రెండూ ఉన్నాయి. రెండూ ఉన్న తల్లి నుంచి ప్రతి బిడ్డకూ ఒకటి వచ్చి తీరుతుంది.

వాడికీ వచ్చింది. నువ్వివ్వాల్సింది నువ్విచ్చావమ్మా.

ఇట్లు,
వాడి అక్క