ముగ్గురు సోడి జోగిలు

కోంటా, మంగళవారం రాత్రి

అడవి సరుకు కొనే మా కంపెనీలోకి ఏఐ వచ్చేలోపు డేటా శుభ్రం చేయాలని రాయపూర్ ఆఫీసు సార్ అన్నప్పుడు, దుమ్ము దులపడం లాంటిదే అనుకున్నాను. దుమ్ముతో పాటు మనుషులూ పోతారని తెలియదు.

ఇవాళ భేజ్జి నుంచి సోడి జోగి చింతపండు గంపతో వచ్చింది. పేరు కొడితే కంప్యూటర్ తీసుకోలేదు. ఒక్కొక్కరి దగ్గర ఇంతే కొనాలని హద్దు ఉంది, ఈ సీజన్‌లో ఆమెది నిండిపోయిందట. అమ్మింది ఆమె కాదు, అదే ఊళ్లోని మరో ఇద్దరు సోడి జోగిలు. పుట్టినరోజు తెలియని వాళ్లందరికీ జనవరి ఒకటి రాయడం ఇక్కడ మామూలే. ఈ ముగ్గురికీ ఏడాది కూడా అందాజుగా ఒకటే పడింది. పేరు, ఊరు, తేదీ కలిసేసరికి కంప్యూటర్ ముగ్గురినీ ఒక్కరిని చేసేసింది.

"నేనేడికి పోయిన బిడ్డా? నీ ముంగటనే ఉన్న గదా," అంది జోగి.

సార్‌కు ఫోన్ చేస్తే, "ముగ్గురూ వేరని ప్రూఫ్ పంపు" అన్నారు.

మిగతా ఇద్దరూ సంతలోనే ఉంటే పిలిపించాను. ముగ్గురినీ గోదాం గోడ ముందు నిలబెట్టి ఫోటో తీసి సార్‌కు పంపాను. రేషన్ కార్డుకు అనుకున్నారేమో, కొంగులు సర్దుకుని నవ్వకుండా నిలబడ్డారు. జవాబు కోసం సాయంత్రం దాకా చూసి, గంప తెచ్చిన జోగి దాన్ని ఎత్తుకుని వెళ్లిపోయింది.

సార్ జవాబు ఇప్పుడే వచ్చింది.

"ఫోటో బాగుంది. వీళ్లలో అసలు జోగి ఎవరో గుర్తు పెట్టి పంపు. మిగతా రెండూ తీసేద్దాం."