పది లెక్కపెట్టేదాకా

జూన్ 3, మంగళవారం

రంగు వేయడానికి ఇరవై ఎద్దుకొమ్ములు దిగాయి. గీకి, నున్నగా రుద్ది పంపారు. మందుకొమ్ములట. పాత తుపాకులంటే సరదా ఉన్న పరాయి దేశపోళ్ళు వీటిలో తుపాకీమందు పోసుకుని భుజానికి వేలాడేసుకుంటారట! ఎప్పటివో అన్నట్టు తేనె రంగు రావాలి. సేటు నమూనా ఒకటి చేతిలో పెట్టి పోయాడు. "గిదే రంగు రావాలె మల్లేశం. ఫరక్ వచ్చిందా, గిదే ఆఖరు."

బాపు తల ఊపాడు. నలభై ఏళ్ళు నూలుకి రంగు వేసిన మనిషి. మగ్గాలు మూలపడ్డాక మిగిలిన పని ఇదొక్కటే. ఇదీ పోతే మంచం పడతాడు. నాకు తెలుసు.

జూన్ 5, గురువారం

రంగు కాయడానికి మార్కెట్లో ఉల్లిపొట్టు ఊడ్చి తెచ్చాను, రెండు సంచులు. "ఏం రేణుకా, గడ్డలద్దా, పొట్టే కావాల్నా?" అని నవ్వుతారు. నవ్వండి, మీ నోళ్ళు పడ!

నూలుకి మరుగుతున్న రంగు కావాలి. కొమ్ముకి గోరువెచ్చన చాలు, వేడెక్కితే మెత్తబడి వంకరపోతుంది, పొరలు లేస్తాయి. బాపు లెక్క ఒకటే. చెయ్యి మణికట్టు దాకా ముంచి పది లెక్కపెడతాడు. పది దాకా ఓర్చుకోగలిగితే కొమ్ములు వేయొచ్చు. లేకపోతే చల్లారాలి.

థర్మామీటర్ కొందామన్నాను. "నా చెయ్యి ఉండంగ గదెందుకు బిడ్డా?"

జూన్ 8, ఆదివారం

చాయ్. స్టీలు గ్లాసు. నేను కొంగుతో పట్టుకుని ఇచ్చాను. బాపు ఒట్టి చేత్తో పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాడు... చెయ్యి మార్చలేదు.

షుగర్‌తో పాదాలకు స్పర్శ పోయి రెండేళ్ళు. ఇప్పుడు చేతులకు కూడానా? అడగలేదు. అడిగితే పని మానెయ్యమన్నట్టే.

జూన్ 10, మంగళవారం

రేపు అడుగుతాను.

జూన్ 11, బుధవారం

అడగలేదు.

నేను పెరట్లో రెండో వాయి పొట్టు పిండుతున్నాను. బాపు కాగుకి బొట్టు పెట్టి చెయ్యి ముంచాడు. గొంతు వినిపిస్తూనే ఉంది. ఒకటి... రెండు... మూడు... నిదానంగా, ఎప్పటిలాగే. పది.

"ఏస్తున్న బిడ్డా."

"ఎయ్యి బాపూ."

తల ఎత్తలేదు. ఎత్తితే ఆవిరి కనిపించేది.

వెళ్ళేసరికి కొమ్ములు కాగులో ఉన్నాయి. పట్టక ఒక్కటి బయట. బాపు తువ్వాలతో చెయ్యి తుడుచుకుంటున్నాడు. తువ్వాలకి తోలు అంటుకుని వస్తోంది. అరిచాను. "ఏమైందే? ఎందుకట్ల మొత్తుకుంటున్నవ్?" అని నన్నే గాబరాగా చూశాడు.

జూన్ 13, శుక్రవారం

దవాఖాన. రెండు వేళ్ళు తీసెయ్యాల్సి రావచ్చట.

కొమ్ములు కొన్ని చీలాయి, మిగతావి వంకర.

"ఎట్లొచ్చినయే?" "మంచిగొచ్చినయ్ బాపూ." ఎంత సులువుగా అన్నాను, ఛీ.

జూన్ 15, ఆదివారం

చూపించమని ఒకటే పట్టు. ఏం చూపించను? సేటు ఇచ్చిన నమూనా తీసుకెళ్ళాను. ఎడమ చేత్తో పట్టుకుని కిటికీ వెలుగులో తిప్పాడు.

"గిది మనది కాదు. నేనేసిన రంగు నాకెరుక లేదా?"

నేను నేల చూపులు చూస్తున్నాను. బాపు నమూనాను మంచం మీద పెట్టాడు. తర్వాత మెల్లగా —

"నాడు చాయ్ గిలాస ఇచ్చి నా చెయ్యి దిక్కే చూసినవ్. అడుగుతవేమో అనుకున్న."

"నీకు ముందే ఎరుకనా బాపూ?"

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇద్దరికీ తెలుసు. ఇద్దరమూ నోరు మూసుకున్నాం. థూ, ఏం బతుకు!

జూన్ 16, సోమవారం

సేటు ఫోన్ రెండుసార్లు మోగింది. ఎత్తలేదు.

మిగిలిన ఆ ఒక్క కొమ్ము. పొట్టు కాచాను, కాగు దించాను, బొట్టు పెట్టాను. చెయ్యి ముంచాను. ఒకటి... రెండు... మూడు... నాలుగు దగ్గర లాగేసుకున్నాను. కాలింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

కొమ్ము ఇంకా వేయలేదు.