కోసిన దుంప

బాపూ,

నువ్వు గింజ నుంచి పెంచిన ఆ అరుదైన ఎడారి గులాబీ దుంప మొన్నటి వానలకు కుళ్లింది. కుళ్లిన సగం కోసేసి, పసుపు అద్ది, ఆరబెట్టి మళ్లీ నాటాను. ఈ ఉదయం చిగురు వేసింది.

పోయినేడాది తెలంగాణ పాదయాత్రలో పాలకుర్తి నుంచి జనగామ దాకా నడిచి కాలికి పుండు చేసుకున్నావు. షుగరు వల్ల అది ముదిరి నీకు స్పృహ తప్పింది.

"కాలు తీసేస్తే బతుకొచ్చమ్మా," అన్నాడు దవాఖానలో డాక్టరు.

"నడవకుంట మా బాపు ఉండలేడు సారూ, జర ఆగుండ్రి," అన్నాను.

తెల్లారేసరికి నువ్వు లేవు.

ఇన్నాళ్లూ దాచిన ఆ సంగతి ఇవాళ అమ్మకు చెప్పేశాను. ఆమె ఆ చిగురును వేలితో తాకి చూసింది.

"నన్నడిగినా గదే అందును బిడ్డా," అంది.

నిన్ను అడగగలిగి ఉంటే మాత్రం, కాలు తీసెయ్యమనేవాడివేమో బాపూ.