నా భార్య చేతికి కట్టిన నల్లపట్టీ విప్పుట గురించి

పౌర రక్షణ అధికారి గారి సముఖమునకు,
మూడవ అంతస్తు, మెట్లను ఆనుకొని ఉన్న వాటాలో కాపురముండు సామాన్ల కూలీ (ప్రస్తుతం పని మానినవాడు) వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: అణుబాంబు పడినచో బతుకువారు, బతకనివారు అని తమరు మా బిల్డింగులో చేసిన విభజన, అందులో నా భార్యను బతకనివారిలో వేయుట, సదరు పట్టీని తమరే వచ్చి విప్పవలెనని కోరుట.

మనవి చేయునది ఏమనగా, ఇది నేనే రాస్తున్నాను. మీ ఆఫీసు గేటు దగ్గర అర్జీలు రాసేవాడికి చెప్తే "తమ పాదపద్మములకు" అని మొదలెట్టాడు. ఎవరి పాదాలూ పట్టుకునే ఉద్దేశం లేదు గనక లేచి వచ్చేశాను. నాకు చదువు తక్కువ. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

1. మొన్న ఆదివారం తమ విభాగం వారు మా బిల్డింగులో అణుదాడి మాక్ డ్రిల్లు నిర్వహించియున్నారు. సైరను మోగగానే సెల్లారులోకి దిగవలెనని, దిగినవారు క్షేమమని మైకులో తెలియజేసియున్నారు. సదరు సెల్లారును తమరు చూసియుండలేదు, ఎందుకనగా పై మెట్టు మీదే ముక్కుకు రుమాలు పెట్టుకుని నిలబడిపోయారట. బిల్డింగు మురుగు గొట్టం కారేది అక్కడే. విరిగిన కుర్చీలు, తుప్పు సైకిళ్ళు, ఎప్పుడో చచ్చిన ఎలుకలు. అందులో రెండు వారాలు కూర్చోమన్నారు. బాంబు పడకపోయినా పని పూర్తవుతుంది. అయితే దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. మేము అక్కడిదాకా వెళ్ళనేలేదు.

2. తమరు పంచిన కరపత్రం. "వెలుగు కనిపించగానే కళ్ళు మూసుకొని బోర్లా పడుకొనవలెను. కిటికీలకు తడి దుప్పట్లు కట్టవలెను. ఎవరి కొరకును ఆగరాదు. ధైర్యముగా నుండవలెను." దీన్ని ముందురోజే కూడబలుక్కుని నా భార్యకు చదివి వినిపించాను.

"ధైర్యం ఏ కొట్లో దొరుకుతుందో రాయలేదేమయ్యా?" అని నవ్వింది.

ముందురోజుదాకా ఆమె నవ్వుతూనే ఉంది. ఈ సంగతి గమనించ ప్రార్థన.

3. నా భార్య పెద్దాసుపత్రి వార్డులో ఆయాగా చేసి రిటైరైన మనిషి. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి మంచం మీదే ఉంది. ఇక నేను బీరువాలు మోసినవాణ్ణి. లిఫ్టులో పట్టని బీరువా ఏదైనా ఉంటే అది నా వీపు మీదే మేడ ఎక్కింది. అందుచేత సైరను మోగగానే ఆమెను వీపున వేసుకున్నాను. "వద్దయ్యా, నా మాట విను" అంటూనే ఉంది. వినలేదు. రెండో అంతస్తు మలుపులో మోకాళ్ళు మొరాయించాయి. ఇద్దరం మెట్టు మీద కూలబడ్డాం. ఆమె బరువెంతో చెప్పుకోవాలంటే నాకే సిగ్గుగా ఉంది, చుట్టిన పరుపంత కూడా ఉండదు. ఎవరో ఒకరు మీ చెవిన వేస్తారు గనక నేనే చెప్తున్నాను.

4. అక్కడికి తమ తాలూకు అమ్మాయి పట్టీల సంచి పట్టుకుని వచ్చింది.

"తాతా, టైమైపోయింది. మీరు దిగండి. అవ్వని ఇక్కడ వదిలేయండి."

"వదిలేసి?"

"ఇది ఉత్తుత్తిదే కదా తాతా. పట్టీ కట్టి వెళ్ళిపోతాం, అంతే."

వెనకాల తమరు వచ్చారు. తమరు నా భార్య మొహం చూడలేదు, కాళ్ళు చూశారు. "ఈవిడకి నలుపు. పెద్దాయన నడవగలడు, ఆకుపచ్చ. పైన ఇంకెవరున్నారు?" అన్నారు. నలుపంటే ఏమిటని అడిగాను.

"సాయం చేసినా దక్కనివాళ్ళు, పెద్దాయనా. ఉన్న నీళ్ళూ మందులూ బతికేవాళ్ళకి వాడుకోవాలి కదా" అని సెలవిచ్చారు.

నా భార్య తనంతట తనే చెయ్యి చాపింది. తమరే కట్టారు. తమకు గుర్తుందో లేదో.

5. తమరు కిందికి దిగి మైకులో "ఈ బిల్డింగులో నూటికి తొంభై మంది క్షేమం" అన్నారు. చప్పట్లు వినపడ్డాయి. అంతసేపూ మీ జీపు ఇంజను ఆగలేదు, అదీ వినపడింది. తర్వాత రెండో అంతస్తు టైలరు పైకి వచ్చి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఇంటికి చేర్చాడు. "ముందే పిలవకపోయావా బాబాయ్" అన్నాడు. సైరను మోగినప్పుడు మమ్మల్ని రాసుకుంటూ దిగింది వాడే. వాణ్ణి తప్పు పట్టను. ఎవరి కొరకును ఆగరాదని మీరే అచ్చు వేయించారు.

6. అసలు ఫిర్యాదు ఇది. ఇంటికి రాగానే పట్టీ తీసేద్దామని కత్తెర తెచ్చాను. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"తియ్యకు. వార్డులో పేషెంటు చేతి పట్టీ కట్టినవాళ్ళే విప్పాలి. ఇంకొకళ్ళు ముడితే ఉద్యోగం ఊడుతుంది."

"నీకిప్పుడు ఉద్యోగమెక్కడిదే?"

"పద్ధతంటూ ఉందిగా."

సర్వీసంతా పరాయి పట్టీ ముట్టని మనిషి. సరే, నాలుగు రోజులకి తనే విసుగెత్తి కోయమంటుందిలే అనుకున్నాను. మర్నాడు పాలిస్తే సగం తాగి గ్లాసు నా వైపు తోసింది. "నల్లపట్టీకి సగం చాలు. నీది ఆకుపచ్చ, నువ్వు తాగు" అంది. వేళాకోళం అనుకున్నాను. నిన్న ఆ సగమూ ముట్టలేదు. మాత్రలు ఇవ్వబోతే, "బతికేవాళ్ళకి వాడమన్నారుగా ఆఫీసరుగారు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

7. బాంబుల సంగతి నాకు తెలీదు. పడితే ఎవరు మిగులుతారో మీకూ తెలీదు. మిగిలినవాళ్ళు తడి దుప్పటి తీసి బయటికి చూస్తే ఏం కనపడుతుందో కరపత్రంలో వెతికాను, లేదు. కాని అయ్యా, బాంబు ఇంకా పడలేదు. పడకముందే మా ఇంట్లో ఒక మనిషిని తీసి పక్కన పెట్టారు. మంచాన పడ్డప్పట్నుంచి తను నాకు బరువైపోయానని ఆమెకి అనుమానం. తిట్టో, గదమాయించో, నవ్వించో దాన్ని తల ఎత్తనీయకుండా నెట్టుకొస్తున్నాను. మీరొచ్చి దానికి సర్కారు ముద్ర వేసి పోయారు. నాకు అసహ్యం వేసింది. దీన్ని ఆఫీసు భాషలో ఏమంటారో తెలీదు, అసహ్యం అనే రాస్తున్నాను.

8. మీ ఆఫీసుకు వచ్చాను. గుమాస్తా "ఆ పట్టీలకి విలువ లేదు, కోసి పారెయ్" అన్నాడు. విలువ లేనిది ఆడమనిషి చేతికి ఎందుకు కట్టారని అడిగితే, రాసి ఇమ్మన్నాడు. రాసి ఇస్తున్నాను.

కావున, తమరు స్వయముగా విచ్చేసి సదరు నల్లపట్టీని తమ చేత్తో విప్పవలెను. జవానును పంపితే ఆమె ఒప్పుకోదు. క్షమాపణలు అక్కర్లేదు. విప్పి, ఈసారి ఆమె మొహం చూస్తే చాలు.

నా ఆకుపచ్చ పట్టీ దీనికి జతపరచడమైనది. దీన్ని నేనే కోసుకున్నాను. నేను వార్డులో పనిచేసినవాణ్ణి కాదు. ఆమెకు చోటు లేని సెల్లారులో నాకు రాసిన చోటు ఆ టైలరుకి ఇవ్వండి. వాడికి పిల్లలున్నారు.

ఇంతకు మించి రాయడం చేతకాదు, చిత్తగించవలెను. చివర 'తమ విధేయుడు' అని ఉండాలట. పట్టీ విప్పిన రోజున వచ్చి ఆ మాట రాసి వెళ్తాను. అప్పటిదాకా,

మూడవ అంతస్తు సామాన్ల కూలీ
(ఆమె మొగుడు)

తా.క. లిఫ్టు పనిచేయదు. రెండో అంతస్తు మలుపులో ఆయాసం వస్తుంది, అక్కడి మెట్టు మీద కాసేపు కూర్చోండి, తప్పులేదు, మేమూ కూర్చున్నాం. పాలు కాచి ఉంచుతాను. ఆమె గ్లాసు ఖాళీ చేసేదాకా ఉండాలి గనక, జీపు ఇంజను ఆపించి రండి.